దుప్పటి కింద డ్రమ్ములు

జూన్ 4

మా తోకకి,

పిన్ని మనసారా దీవించి రాస్తున్నాను. ఇక్కడ మేం బాగున్నాం. అక్కడ నువ్వు వేళకి తింటున్నావని అనుకుంటున్నాను. అనుకోవడమే.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఇన్నేళ్ళూ ఆర్కెస్ట్రాలో డ్రమ్ముల దగ్గర చెవి పక్కనే ఇత్తడి సింబల్స్ మోగి మీ బాబాయికి కుడి చెవి మందగించింది కదా, మా ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. మనం మాట్లాడుకునేది ఆయనకే కాదు, వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆయనకి కూడా వినిపిస్తుంది. ఇది మీ బాబాయి వినకూడని మాట.

ఆయన భుజానికి ఆపరేషను అయ్యాక కుట్లు బాగానే మానాయి. కానీ కుడి చెయ్యి భుజం కన్నా పైకి లేవడం లేదు. ఆర్కెస్ట్రా వాళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారు, ఇంకొకాయన్ని పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం మీ బాబాయి మా మంచం మీది నీలం దుప్పటి తీసుకెళ్ళి డ్రమ్ముల మీద కప్పేశారు. ముందుగదిలో ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టు ఉంటుంది. పొద్దున ప్రార్థన ముగించి కళ్ళు తెరిస్తే ఎదురుగా అదే.

ఇప్పుడు వాటిని అమ్మేస్తానంటున్నారు. ఒకాయన వచ్చి, దుప్పటి కొస ఎత్తి చూసి, ఆగస్టు చివర్లో వ్యాను తెస్తానని చెప్పి వెళ్ళాడు. వస్తువు పోతుందని కాదే నా బాధ. నువ్వు చిన్నప్పుడు ఆయన వెనకాలే తోకలా తిరిగేదానివి, నీకు తెలుసు, కంచం ముందు కూర్చుంటే చాలు దాని అంచు మీద వేళ్ళతో దరువు వేసేవారు. ఇప్పుడు అదీ లేదు. ఇల్లంతా చెవిటిదైపోయింది.

నీ పని ఎటూ డ్రమ్ముల మధ్యే కదా. ఏదో ఒకటి చెప్పి ఈ మనిషిని మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోబెట్టు. నేను చెబితే వినరు. నా గొంతు వంటింటి గుమ్మం దాటదని ఆయన పాత ఎగతాళి.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.
మీ పిన్ని

జూన్ 11

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను, ఆ తర్వాత నువ్వనుకున్నట్టు వేళకి తినలేదు.

డ్రమ్ముల మధ్య పని అన్నావు. నిజానికి నాది వైర్ల మధ్య పని. పాట రికార్డింగు అయిపోయాక వైర్లన్నీ చుట్టి కొక్కేలకి తగిలించడం. మా స్టూడియో ఇంజనీరు గారికి నేను ఊహూ గారని పేరు పెట్టుకున్నాను. ఏం వినిపించినా తల అడ్డంగా ఊపి "ఊహూ" అంటారు.

ఇప్పుడు నాకో అవకాశం వచ్చింది. ఒక గాయని నాలుగు పాటలు చేస్తోంది. ఒకటి జోలపాట, ఒకటి జాజ్, ఒకటి రాక్, ఒకటి డాన్సు పాట. దేనికి ఎలాంటి డ్రమ్ములు కావాలో నన్నే ఎంచమన్నారు. నచ్చితే డ్రమ్ముల పనంతా నాది. నచ్చకపోతే మళ్ళీ వైర్లు.

ఈ రోజుల్లో డ్రమ్ములు ప్రతిసారీ ఎవరో కూర్చుని వాయించక్కర్లేదు పిన్నీ. ఒక్కో దెబ్బ విడివిడిగా రికార్డు చేసి పెడతారు. వాటిని శాంపిల్స్ అంటారు. ఆ దెబ్బల్ని నేను కంప్యూటర్లో పూసల్లా గుచ్చుకుంటూ పోతే తాళం అవుతుంది. జోలపాటకి దెబ్బ పక్కన కూర్చుని వీపు నిమిరినట్టుండాలి. జాజ్‌కి ఎండుటాకుల మీద నడిచినట్టు. రాక్‌కి తలుపు తన్ని లోపలికొచ్చినట్టు. డాన్సుకి గడియారంలా, కానీ కాస్త పొగరున్న గడియారంలా. మా దగ్గర వేల శాంపిల్స్ ఉన్నాయి. రోజుల తరబడి వెతికి వినిపించాను. అన్నిటికీ ఊహూ. చివరికి ఒక్క వాక్యం మాట్లాడారు. "అన్నీ శుభ్రంగా ఉన్నాయి, మనుషులు లేని ఇంట్లా."

అప్పుడు నాకు మన ముందుగది గుర్తొచ్చింది. బాబాయి డ్రమ్ములు నాకు కావాలి. ఇది ఆయన్ని కూర్చోబెట్టడానికి వంక కాదు, నిజంగానే కావాలి. ఈ పార్సెల్లో చిన్న రికార్డరు, మెమరీ కార్డులు పెట్టాను. ఫోనులో పంపొద్దు, శబ్దం నలిగిపోతుంది. ఒక దెబ్బ కొట్టాలి, మోత పూర్తిగా చచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి, తర్వాత ఇంకోటి. ప్రతి డ్రమ్మూ మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా. గదిలో ఇంకే చప్పుడూ ఉండకూడదు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము మోత ఎక్కువైతే, ముందు చర్మం ఊడదీసి, ఆ నీలం దుప్పటే మడిచి లోపల పెట్టండి.

నీ ఆకలిగొన్న
తోక

జూన్ 20

తోకా,

పార్సెల్ అందింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగు రకాల పాటలకి నాలుగు రకాల డ్రమ్ములు కొనాలేమో, అవన్నీ నీ గదిలో ఎక్కడ పెడుతుందీ పిల్ల, మంచం తీసేస్తుందా అని దిగులుపడ్డాను. రెండోసారికి అర్థమైంది.

మీ బాబాయితో చెబితే "దానికి వేల శాంపిల్స్ ఉంటే నావెందుకట" అని పేపరులో తల దూర్చారు. దుప్పటి తీసి పక్కన పెట్టి, పెద్ద డ్రమ్ము ముందు చతికిలబడి, కీ పెట్టి మరలు తిప్పడం మొదలుపెట్టాను. పేపరు కదిలింది. "అటు కాదే, ఇటు!" నేను మళ్ళీ అటే తిప్పాను. తెలిసి చేశానో తెలియక చేశానో ఆ దేవుడికే ఎరుక. "లే, లే, పాడుచేస్తావు!" అని ఆయనే వచ్చి కూర్చున్నారు. చర్మం ఊడదీసి, దుప్పటి చిన్నపిల్లల్ని పడుకోబెట్టినట్టు లోపల సర్ది, మళ్ళీ బిగించారు.

నువ్వు చెప్పినట్టే ఇల్లంతా నోరు మూయించాను. ఫ్యాను ఆపాను. గోడ గడియారం తీసి పరుపు కింద పెట్టాను. ఫ్రిజ్ ఆపాను, మళ్ళీ వేయడం మర్చిపోయాను, పాలు విరిగాయి. పక్కింటావిడ సాయంత్రం గోడ మీంచి తొంగి చూసి, "మీ వడ్రంగి మరీ నెమ్మదస్తుడిలా ఉన్నాడండీ, ఒక మేకు కొట్టి టీ తాగి వచ్చి ఇంకో మేకు కొడుతున్నాడు. పనయ్యాక మా ఇంటికి మాత్రం పంపకండి" అంది.

మెల్లటి దెబ్బలు చక్కగా వచ్చాయే. తీగల బ్రష్షుతో కూడా కొట్టారు. మధ్యరకంవీ వచ్చాయి. పెద్ద డ్రమ్ముకి భుజంతో పనిలేదు కాబట్టి దాన్ని మాత్రం కాలితో ఎంత గట్టిగా అంటే అంత గట్టిగా కొట్టారు. ఇక చేత్తో కొట్టాల్సిన గట్టి దెబ్బల దగ్గరికి వచ్చేసరికి పుల్ల ఎత్తారు. చెయ్యి సగంలో ఆగింది. ఇంకోసారి ఎత్తారు. తర్వాత పుల్ల నెమ్మదిగా డ్రమ్ము మీద పెట్టి, "ఇంతే నాకు మిగిలింది. ఇది దానికి పంపించు. ఆ వ్యాను ఆయన్ని తొందరగా రమ్మను" అని లేచి వెళ్ళిపోయారు.

ఉన్నవి పంపుతున్నాను. చాలకపోతే చాలవని చెప్పు, కానీ ఆయనకి చెప్పకు.
పిన్ని

జూన్ 28

పిన్నీ,

మెల్లటి దెబ్బలు విన్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, చిన్నప్పటిలా ముందుగదిలో బల్ల కింద కూర్చుని, పెడలు తొక్కే బాబాయి కాలు చూస్తున్నట్టే ఉంది. జోలపాటకీ జాజ్‌కీ అవి అమర్చాను. ఊహూ గారు విని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అంటే ఇక్కడ పండగే.

కానీ రాక్ పాటకీ డాన్సు పాటకీ గట్టి దెబ్బలు లేకుండా కుదరదు. మెల్లటి దెబ్బని కంప్యూటర్లో ఎంత పెద్దది చేసినా, గుసగుసని మైకులో చెప్పినట్టే ఉంటుంది గానీ కేక అవదు. వేరే వాళ్ళవి తెచ్చి పైన అతికిస్తే బాబాయి కోటుకి ఇంకొకరి చేతులు కుట్టినట్టుంది.

అయినా ఆయన్ని బలవంతపెట్టకు. భుజం కన్నా పాట ఎక్కువా. నేనే ఏదో తంటాలు పడతాను. వైర్లు చుట్టడం నాకు బాగానే వచ్చు.

తోక

జూలై 6

తోకా,

కొత్త కార్డు పంపుతున్నాను. ఇందులో గట్టి దెబ్బలు ఉన్నాయి. అన్నీ మన ముందుగదిలో, మన డ్రమ్ముల మీద కొట్టినవే. ఎలా వచ్చాయని అడగకు. మీ బాబాయితో కూడా దీని గురించి ఫోనులో ఎత్తకు. నాకు అబద్ధం రాయడం చేతకాదు, కాబట్టి తక్కువ రాస్తున్నాను.

దేవుడు ఎవరికి ఎప్పుడు బలం ఇస్తాడో చెప్పలేం.

పాలు పొయ్యి మీద ఉన్నాయి, ఉంటాను.
పిన్ని

జూలై 13

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

స్టూడియోలో గెంతాను. వైరు తట్టుకుని పడ్డాను కూడా. ఆ దెబ్బలేంటి! తలుపు తన్నడం కాదు, తలుపూ గోడా కలిపి తీసుకొచ్చేశాడు బాబాయి! భుజం పోయిందన్న మనిషికి ఇంత కసి ఎక్కడిది? చెయ్యి బాగుపడిందని బయటికి చెబితే నొప్పి తిరగబెడుతుందేమోనని నీ భయం, అర్థమైంది. అందుకే ఫోను చేయలేదు, ఒట్టు.

కానీ ఊహూ గారికి చెప్పకుండా ఉండలేకపోయాను. "మా బాబాయి, ఆపరేషను అయిన చేత్తో కొట్టాడండీ" అన్నాను. ఆయన కనుబొమ్మలు పైకి వెళ్ళాయి. రాక్ పాటకి శాంపిల్స్ ఎందుకు, ఆయన్నే రమ్మను, ఇక్కడే కూర్చుని వాయిస్తారు అన్నారు! టికెట్లు నేను చూస్తాను, మీ ఇద్దరికీ.

ఒక్క చిన్న ఇబ్బంది. గట్టి దెబ్బలన్నిట్లో సన్నగా గలగలమని ఏదో మోగుతోంది. స్నేర్ అనే ఆ చిన్న డ్రమ్ము కింది తీగలు వదులయ్యాయేమో, బాబాయిని బిగించమని చెప్పి మళ్ళీ ఒకసారి కొట్టించు.

గెంతుతున్న
తోక

జూలై 19

తోకా,

నీ సంతోషం చూసి సంతోషించాను. సగం.

తీగలు వదులయ్యాయట అని మీ బాబాయితో అన్నాను. "నేను బిగించిన తీగలా? వదులా?" అని కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. స్నేర్ బోర్లించి, తీగలు విప్పి, నూనెగుడ్డతో తుడిచి, ఒక్కో మరా తిప్పి, చెవి ఆనించి, మళ్ళీ తిప్పి, మధ్యాహ్నమంతా అదే పని. అన్నానికి పిలిస్తే "వస్తున్నానుండవే" అన్నారు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. నీ గలగల పుణ్యమా అని ఆ పూట ఆయన డ్రమ్ముల పక్కనే గడిపారు, కాబట్టి దాన్ని తిట్టుకోకు.

తర్వాత గట్టి దెబ్బలు మళ్ళీ రికార్డయ్యాయి. కార్డు ఇందులో ఉంది.

ప్రయాణం సంగతి మాత్రం ఇప్పుడే వద్దమ్మా. టికెట్లు కొనకు. ఎందుకంటే, వద్దు.
పిన్ని

జూలై 26

పిన్నీ, బాబాయ్,

ఈ ఉత్తరం ఇద్దరికీ. గలగల ఇంకా ఉంది! మెల్లటి దెబ్బల్లో లేదు, కాలి దెబ్బల్లో లేదు, ఒక్క గట్టి దెబ్బల్లోనే ఉంది. తీగలు కాదు. నాకు పిచ్చెక్కుతోంది. కంప్యూటర్లో ఆ గలగలని గీకి గీకి తీసేసి వినిపిస్తే ఊహూ గారు మళ్ళీ "ఊహూ" అన్నారు.

బాబాయ్, నిన్నే అడుగుతున్నాను. గట్టిగా కొట్టేటప్పుడు చేతికి ఏం పెట్టుకుంటున్నావు? గడియారమా, తాళంచెవులా? అచ్చం గాజుల్లా మోగుతోంది!

ఇంకోటి. నన్ను చూడ్డానికి రాననడానికి కారణమేంటి? ఈ ఊరు నచ్చలేదా, నేను నచ్చలేదా? పిన్ని ఉత్తరాలు పొడిపొడిగా ఉంటున్నాయి. నేనేమైనా తప్పు మాట్లాడితే తిట్టండి, ముక్తసరిగా మాత్రం రాయకండి.

తోక

ఆగస్టు 2

మా బంగారు తోకకి,

నీ మీద కోపమా? తప్పు నాది. కూర్చుని చదువు, ఇది పెద్ద ఉత్తరం.

ఈసారి ఉత్తరం మీ బాబాయి చేతికే అందింది. వీధి గుమ్మంలో నిలబడే, ఆయన మామూలు గొంతుతో, అంటే ఇస్త్రీ ఆయన కూడా పెట్టె ఆపి వినేటంత గొంతుతో చదివారు. "గట్టిగా కొట్టేటప్పుడు చేతికి ఏం పెట్టుకుంటున్నావు" దగ్గర ఆగారు. తన మణికట్టు చూసుకున్నారు. "అచ్చం గాజుల్లా" దగ్గర మళ్ళీ ఆగారు. ఈసారి తలెత్తి, వంటింట్లో ఉన్న నా చేతులు చూశారు.

"ఏమే, ఇలా రా."

"పాలు పొయ్యి మీద ఉన్నాయండీ."

"పొంగనీ. రా."

స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి పుల్లలిచ్చారు. "కొట్టు" అన్నారు. నా గుండె డ్రమ్ము కన్నా ముందే మోగుతోంది. అవును, నీకు పంపిన గట్టి దెబ్బలన్నీ నావే, నువ్వు అడిగావని కొట్టాను తోకా. ఆయన భుజం వ్యాయామానికి వెళ్ళాక తలుపులు వేసుకుని, దేవుడికి దండం పెట్టుకుని కొట్టాను. మొదటి దెబ్బకి నేనే ఉలిక్కిపడ్డాను. రెండోదానికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆపబుద్ధి కాలేదు. ప్రార్థన మందిరంలో వెనక వరసలో నిలబడి నేను పాడేది నా పక్కావిడకి కూడా వినిపించదు. ఈ చప్పుడంతా నాలో ఎక్కడ దాక్కుందో నాకే తెలియదు.

సరే, ఆయన ముందు కొట్టాను. గాజులు గలగలమన్నాయి. స్టూడియోలో అవి ఆయన దెబ్బలే అనుకుంటున్నారని కూడా అప్పుడే చెప్పేశాను. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఆయన చేతకాదని వదిలేసిన పని నేను దొంగచాటుగా చేశానని బాధపడతారనే ఇన్నాళ్ళూ దాచింది.

"ఇంకోసారి" అన్నారు. కొట్టాను. మొహం చిట్లించారు. "అయ్యో రాత, చీపురు పట్టినట్టు పట్టావేంటే! మణికట్టు వదులు. పుల్లని నువ్వు కొట్టకు, అది పడుతుంది, పడనివ్వు!" అని నా వెనక నిలబడి, నా చెయ్యి పట్టుకుని చూపించారు. తర్వాత ఒక్కసారిగా నవ్వు మొదలుపెట్టారు. "స్టూడియోలో నా భుజబలం గురించి చెప్పుకుంటున్నారటే! ఇన్నేళ్ళు ఇంట్లో రౌడీని పెట్టుకుని, పిల్లి అనుకున్నాను!" నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నారు. నేనూ నవ్వాను. పాలన్నీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

తర్వాత ఏమైందంటే, ఆయన ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. పెద్ద డ్రమ్ము పెడలు తన కాలి కిందికి జరుపుకున్నారు. బ్రష్షుతో స్నేర్ మీద మెల్లగా తిప్పడం మొదలుపెట్టి, "నేను తల ఊపినప్పుడు మాత్రం నువ్వు ఒకటి దంచు" అన్నారు. తల ఊపారు. దంచాను. మళ్ళీ ఊపారు. అలా చీకటిపడేదాకా ఆడాం. ఆడాం అనే రాస్తున్నాను, ఇంకో మాట తోచడం లేదు.

అమ్మకం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వ్యాను ఆయన ఈ నెలాఖరుకి వస్తాడు. అదొక్కటే నా గుండెలో ముల్లు.

ఊహూ గారికి నిజం చెప్పెయ్యి. నీ పని పోకూడదని ప్రార్థిస్తున్నాను.

నిన్ను మోసం చేసిన
పిన్ని

ఆగస్టు 10

రౌడీ పిన్నికి దండాలు,

నీ ఉత్తరం బస్సులో చదివాను. అందరూ నా వైపు చూశారు. దిగాల్సిన చోటు దాటిపోయాను.

ఊహూ గారి దగ్గరికి వెళ్ళి, "గట్టి దెబ్బలు మా బాబాయివి కావండీ, మా పిన్నివి. గలగల ఆవిడ గాజులు. గీకేసింది కాకుండా అసలుది ఒక్కసారి వినండి" అని, గీకకుండా పెట్టాను. రాక్ పాట మొదలైంది. మెల్లగా ఉన్నంతసేపూ బాబాయి, పాట లేచిన చోటల్లా నువ్వు. గాయని కూడా అక్కడే ఉంది, కాలు ఊపుతోంది. పాట అయిపోయింది. ఊహూ గారు కళ్ళు తెరిచారు.

"ఊ" అన్నారు.

పిన్నీ, అంతే. "ఊ"! ఈ స్టూడియోలో ఎవరూ వినని మాట. కాఫీ తెచ్చే ఆయన కూడా వచ్చి తొంగి చూశాడు. తర్వాత ఊహూ గారు, "ఇప్పుడు ఇంట్లో మనుషులున్నారు" అన్నారు.

డ్రమ్ముల పని నాదే! నాలుగు పాటలూ! జోలపాటకి బాబాయి బ్రష్షు. జాజ్‌కి బాబాయి, అక్కడక్కడా నువ్వు. రాక్‌కి ఇద్దరూ. డాన్సు పాటకి మెషీను శబ్దాల కింద నీ గాజుల గలగల ఒక్కటే విడదీసి వేశాను, పొగరున్న గడియారం అంటే అదే. కంప్యూటర్లో మీ దెబ్బలకి పేర్లు పెట్టాను. మెల్లవి "బాబాయి", గట్టివి "పిన్ని". ఇక్కడ అందరూ "ఈ చోట ఇంకో పిన్ని వెయ్యి" అంటున్నారు.

చేతులు జోడించి అడుగుతున్నాను, గాజులు మాత్రం తీయకు. వ్యాను ఆయన్ని ఏం చేయాలో నాకు తోచడం లేదు. దారిలో టైరు పంచరవ్వాలని నీ తరఫున నేనూ ప్రార్థిస్తాను.

వేళకి తిన్న
తోక

ఆగస్టు 30

మా తోకకి పిన్నీ బాబాయీ దీవించి రాయునది,

అలాంటి ప్రార్థనలు చేయకూడదే. ఆయన వ్యాను ఏ పంచరూ లేకుండా క్షేమంగా వచ్చింది.

వచ్చేసరికి మేం ముందుగదిలో ఉన్నాం. నీ రాక్ పాట మీ బాబాయి పట్టుబట్టి నేర్పిస్తున్నారు. ఒక చోట నేను ప్రతిసారీ ఒక దెబ్బ ముందే వేసేస్తున్నాను. "ఆగవే, పాట ఎక్కడికీ పారిపోదు" అని ఆయన, "మీరు తల ఆలస్యంగా ఊపుతున్నారు" అని నేను. ఈ మధ్య నా గొంతు కాస్త గుమ్మం దాటుతోంది. చూస్తే ఆ వ్యాను ఆయన వాకిట్లో తాడు చుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. నేను పుల్లలు దించేశాను. మీ బాబాయి వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

ఆయన కాలు ఆపలేదు. పెద్ద డ్రమ్ము మోగిస్తూనే తల తిప్పి, "ఖాళీ లేవు బాబూ, ఇద్దరం వాడుతున్నాం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి తల ఊపారు.

దంచాను తోకా. సరిగ్గా పడింది, ఒక దెబ్బ ముందు కాదు. వ్యాను ఆయన పాపం తాడు కింద పెట్టి, పాట అయ్యేదాకా విని, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. పక్కింటావిడ గోడ మీంచి, "మీ వడ్రంగికి ఇప్పటికి చెయ్యి తిరిగింది" అంది.

వచ్చే నెలలో ఇద్దరం వస్తున్నాం. టికెట్లు కొను. ఊహూ గారి ముందు నేను మళ్ళీ ఒక దెబ్బ ముందే వేసేయవచ్చు, ఇప్పుడే చెబుతున్నాను. తేలికపాటి పుల్లలు ఒక జత నాకోసం చూసిపెట్టు, ఇవి మీ బాబాయి చేతికి అలవాటు పడ్డవి, నా మాట వినడం లేదు.

మంచం మీదికి వేరే దుప్పటి తీశాను. నీలం దుప్పటి ఇవ్వండి ఉతుకుతానంటే, "ముట్టుకోకు, అది డ్రమ్ము లోపలే ఉండాలి, తీస్తే మోత చెడుతుంది" అన్నారు. పైన ఏమీ కప్పకపోతే దుమ్ము పడుతుందని మొదట్లో భయపడ్డాను. పడడానికి దానికి తీరిక ఇవ్వడం లేదు మేమిద్దరం.

ఇట్లు
గట్టి దెబ్బల పిన్ని

(నేను, బాబాయిని. నీ పిన్ని ఇంకా చీపురు పట్టినట్టే పడుతోంది. ఎవరితో అనకు, నాకు అలాగే బాగుంది.)